బ్రేకుల్లేని ఎలీషా

ఇరవై మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, మేడ్చల్‌లో చర్చి నీలం గేటు ముందర, ప్రార్థన ముగించుకుని జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ, రావల్కోల్ జనార్ధన్ పటేలు, కారు మెకానిక్ ఎలీషాను పేరు పెట్టి పిలిచి నిలబెట్టాడు. పటేలు కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. పక్కన ఆరేళ్ళ కొడుకు అన్వేష్, గడ్డం కింద ఐదు కుట్లతో, తండ్రి లాల్చీ పట్టుకుని నిలబడ్డాడు. వెనుక నలుగురు మనుషులు.

"నా పోరని మూతి చూసిన్రా? ఇంక జరంత అయితే పాణమే పోతుండె," అన్నాడు పటేలు, ఎలీషాతో కాదు, జనంతో. "వీడు బ్రేకు పైపు మార్చి పన్నెండు దినాలు గాలే. శామీర్‌పేట తొవ్వల మోరికాడ తొక్కితే పెడలు నేల మీదికి పోయింది, బండి మోరి గోడకు గుద్దింది. ఎడమ చక్రంల కెల్లి నూనె కారింది. నట్టు బిగియ్యకుంటనే పంపిండు."

"పటేలా, బండి కిందికి ఒక్కపారి తొంగి చూడుండ్రి," అన్నాడు ఎలీషా. "నేను బిగించిన నట్టు మీద నీలం గీత ఉంటది. నట్టు కదిలితే గీత విరుగుతది."

"గీతలు, రాతలు నాకు జెప్పకు. పోలీసోళ్ళ దాక పోతలేనని సంబరపడు. గీ జనం ముంగట మాటియ్యి. ఇగ జిందగీల బ్రేకు పని ముట్టనని."

ఎలీషా జనం వంక చూశాడు. నలభై మంది ఉంటారు. తన చేతి మీద స్కూటర్లు, ఆటోలు, ఒక పాల వ్యాను బాగుచేయించుకున్నవాళ్ళే. ఒకరు చేతిలో బైబిలు సర్దుకున్నారు, ఒకరు పిల్లను ఎత్తుకున్నారు, సంఘం పెద్ద గేటు గొళ్ళేన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. పటేలు పొలాల్లో కూలికి పోయే ఇళ్ళు అందులో సగం. మిగతా సగం రేపెప్పుడైనా పోవలసిన ఇళ్ళు.

"ముట్టను పటేలా," అన్నాడు ఎలీషా.

మాట ఇచ్చింది భయంతో అనుకున్నారు అందరూ. భయమే, కానీ పటేలును చూసి కాదు. ఆ నట్టు బిగించిన మధ్యాహ్నం, పానా ఇంకా చేతిలో ఉండగానే, భార్య కృపమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. బడిలో తమ చిన్నపిల్ల క్రిస్టీనా మెట్ల మీదనుంచి పడిందని. ఎలీషా పానా కింద పడేసి పోయాడు. తిరిగి వచ్చి బండి అప్పగించాడు. ఆ మధ్యలో గీత గీశాడా లేదా? గీసినట్టే ఉంది. కుంచె పట్టుకున్నట్టే ఉంది. కానీ ఆ గుర్తు ఆ రోజుదో, అంతకు ముందు వెయ్యి రోజులదో చెప్పలేకపోయాడు. కుట్లతో ఉన్న ఆ గడ్డం కళ్ళముందు కనబడుతుంటే, నేను బిగించానని గట్టిగా అనే ధైర్యం అతను చేయలేదు.

ఆ గీత అలవాటు అతనికి పట్నంలో పని నేర్పిన ఉస్తాదు పెట్టింది. నట్టు బిగించాక నట్టు మీదనుంచి బోల్టు మీదకు సన్నగా ఒక రంగు గీత గీయాలి. వెంట్రుక మందం నట్టు కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. "నువ్ లేనప్పుడు గూడ నీ దిక్కు మాట్లాడే సాక్షి అది," అనేవాడు ఉస్తాదు. ఒక్కో మెకానిక్‌ది ఒక్కో రంగు. చర్చి గేటుకు వేయగా మిగిలిన నీలం డబ్బా ఎలీషాకు దొరికింది కాబట్టి అతనిది నీలం. సాక్షిని పెట్టుకోవడం వరకే ఉస్తాదు నేర్పాడు. ఆ సాక్షి ఉన్న బండిని పటేలు రావల్కోల్‌లో తన కోళ్ళఫారం షెడ్డులో పెట్టి తాళం వేస్తే ఏం చేయాలో నేర్పలేదు.

ఎలీషా మాట మీద నిలబడ్డాడు. అందరూ నవ్వింది దానికే. ఊళ్ళో మాటలు ఇచ్చేవాళ్ళకు కొదవలేదు. ఎన్నికలప్పుడు ఇస్తారు, ప్లాట్లు అమ్మేటప్పుడు ఇస్తారు. ఇచ్చిన మాటను పొద్దున లేచి తొడుక్కుని పనికి పోయే మనిషిని మాత్రం వాళ్ళు చూసి ఉండరు. ఇంజన్ విప్పేవాడు, కార్బురేటర్ కడిగేవాడు, సైలెన్సర్‌కు అతుకు వేసేవాడు, లారీ పట్టీలు మార్చేవాడు. బ్రేకు అనగానే చేతులు వెనక్కి కట్టుకునేవాడు. ఆఖరికి సైకిలు బ్రేకు రబ్బరు అరిగిందని బడిపిల్ల వస్తే పక్క దుకాణం చూపించాడు. ఆ రోజు నుంచి అతని పేరు బ్రేకుల్లేని ఎలీషా అయింది. పెళ్ళిపత్రికల మీద తప్ప అన్ని చోట్లా అదే పేరు.

"ఏం బ్రేకుల్లేని మామా, యాడికి గంత జోరుగ?" అనేవాళ్ళు చాయ్ హోటల్ దగ్గర.

"మీ అత్తగారింటికిరా. ఆగుదామంటె ఆగస్తలేదు," అనేవాడు అతను. నవ్వించి తన గ్లాసు తాను కడిగి పెట్టి వచ్చేవాడు.

ఇంటికి వచ్చాక నవ్వేవాడు కాదు. "గీసిన్నో లేదో," అనేవాడు అన్నం ముందు కూర్చుని. కృపమ్మ మొదట్లో "గీసినవ్‌లే" అనేది. తరువాత తరువాత పప్పు గిన్నె ముందుకు తోసేది. క్రిస్టీనా పెరిగి నర్సయింది, పెళ్ళయింది. మేడ్చల్ చుట్టూ రింగురోడ్డు వచ్చింది. జొన్నచేలు విల్లాలయ్యాయి. జనార్ధన్ పటేలు సర్పంచి అయ్యాడు, దిగాడు, భూములు కొన్ని అమ్మాడు, కొన్ని కొన్నాడు. చర్చికి స్టీలు గేటు వచ్చింది. ఎలీషా రేకుల షెడ్డు మాత్రం శామీర్‌పేట దారి మొదట్లో, వేపచెట్టు కింద అలాగే ఉంది.

నిరుడు వానాకాలం తరువాత ఒక ఉదయం, ఆ షెడ్డు ముందుకు ట్రాక్టరు వెనుక తాడుతో కట్టిన ఒక పాత అంబాసిడర్ వచ్చింది. డెబ్బై నాలుగు మోడల్. తెల్ల రంగు పసుపుపచ్చగా మారి, పైన కోళ్ళ రెట్టలు, ముందు భాగం ఒక పక్కకు కుంగిపోయి ఉంది. ఎడమ బంపరు ఇంకా వంగే ఉంది. ఎలీషా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మనుషుల ముఖాలు మరిచిపోతాడు గానీ, బండిని మరిచిపోడు.

ట్రాక్టరు వెనుక వచ్చిన కొత్త కారులోంచి ఒక యువకుడు దిగాడు. నల్ల కళ్ళద్దాలు తీసి తలమీద పెట్టుకున్నాడు. గడ్డం కింద సన్నని తెల్లని మచ్చ.

"కాకా, బ్రేకుల్లేని ఎలీషా అంటె నువ్వేనా?" అని నవ్వాడు. ఆ పేరు ఎందుకు వచ్చిందో అతనికి తెలియదని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. "నేను అన్వేష్‌ను. రావల్కోల్. శామీర్‌పేటల పాత కార్ల ప్రదర్శన పెడుతున్నరు. మా తాత కారు ఇది. పెద్ద పెద్ద గ్యారేజీలకు ఫొటోలు పంపిన. ముంగట రాడ్లు చూసి ఎవ్వడు ముడ్తలేడు. గాజులరామారంల లేతు మిషనాయన జెప్పిండు, గవి తెలిసినోడు మేడ్చల్‌ల ఒక్కడే ఉన్నడని."

ఎలీషా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "రాడ్లు జేస్త," అన్నాడు. "కింగ్‌పిన్నులు, బుష్షులు, షాకప్పులు, అన్నీ జేస్త. బ్రేకు జెయ్య."

"బ్రేకు లేకుంటె బండి ఎట్ల నడ్వాలె కాకా?"

"వేరేటోళ్ళతోని జేపిచ్చుకో చిన్న పటేలా. నా చెయ్యి పడది."

అన్వేష్‌కు అర్థం కాలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాడు. ముందు ఇదైతే కానియ్యి, తరువాత చూద్దాం అని బండిని వదిలేశాడు.

ఆ బండి ముందు చక్రాలకు స్ప్రింగులు ఉండవు. మనిషి నిలువంత ఉక్కు రాడ్లు రెండు, బండి కింద పొడవుగా పడుకుని ఉంటాయి. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా రాడ్డు మెలి తిరిగి, మళ్ళీ తనంతట తాను విప్పుకుంటుంది. ఎడమ రాడ్డుకు ఎడమ మెలిక అలవాటు, కుడిదానికి కుడి. విప్పేటప్పుడు గుర్తు పెట్టకుండా ఒకదాని చోట ఒకటి వేస్తే, నడిచినన్నాళ్ళు నడిచి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. ఎలీషా రెండింటికీ ముందే వేరువేరు రంగుల గుడ్డపీలికలు కట్టాడు. బండిని జాకీతో ఎత్తి మొద్దుల మీద నిలిపాడు. రాడ్డు బిగువును వెనుక చివర నుంచి పొడవాటి బోల్టుతో కొద్దికొద్దిగా వదిలాడు, కొమ్ములు విసిరే ఎద్దు పగ్గం వదిలినట్టు, ముఖం పక్కకు తిప్పి.

ఏ బండికైనా అతను ఎడమ పక్కనే మొదలుపెడతాడు. ఈ బండికి కుడి పక్క మొదలుపెట్టాడు. కుడి పక్క పనికి నాలుగు రోజులు పట్టాలి. తొమ్మిది రోజులు చేశాడు. చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే కింగ్‌పిన్ను మేకు అరిగిపోతే, దాన్ని కోడిగుడ్డులా సాగిన బుష్షు గొట్టంలోంచి తీసి, లేతు మిషన్‌కు పంపి, కొత్తది వచ్చాక వేలు పెట్టి తిప్పి చూసి, మళ్ళీ వెనక్కి పంపాడు.

"ఎడమ దిక్కు ఎన్నడు మొదలు వెడ్తవ్?" అంది కృపమ్మ. సద్ది తెచ్చి ఇచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"బుష్షులు రావాలె."

"బుష్షులు నిన్ననే వచ్చినయ్. సంచి నా కాళ్ళకాడ్నే ఉన్నది." ఆమె సంచిని కాలితో అతని వైపు జరిపింది. "ఇరవై రెండేండ్లు నా అన్నంల మన్ను వోస్తివి గా గీతతోని. ఉంటె ఉంటది, లేకుంటె లేదు. చూడు."

ఈ పనిలో ఇంకో చిక్కు ఉంది. కింగ్‌పిన్ను బయటకు రావాలంటే ముందు డ్రమ్మును, దాని వెనుక బ్రేకు పళ్ళేన్ని విప్పి పక్కకు కట్టాలి. కుడి పక్క ఆ పని అన్వేష్ చేత చేయించాడు ఎలీషా. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఏ బోల్టు, ఎటు వైపు అని చెబుతుంటే, అన్వేష్ తెల్ల బూట్లతో మోకాళ్ళ మీద కూర్చుని విప్పాడు. ఇష్టం లేకుండా మొదలుపెట్టి, రెండో బోల్టు దగ్గర కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టాడు. ఎడమ పక్కకు వచ్చేసరికి పాత చొక్కాతో వచ్చాడు.

"అట్ల గాదు, ఎదురు దిక్కు. దాన్ని బతిమాలు, కొట్టకు," అంటున్నాడు ఎలీషా. "ఆఁ, ఇగ పళ్ళెంను తీగతోని పైకి కట్టు. రబ్బరు పైపు మీద బరువు పడొద్దు. ఇప్పుడు దాని ఎనక చూడు. ఇనుప పైపు వచ్చి రబ్బరు పైపుకు తాకేకాడ ఒక నట్టు ఉంటది."

"మొత్తం గ్రీజు, మన్నే ఉన్నది కాకా. ఏం కనవడ్తలేదు."

"డీజిల్ గుడ్డతోని తుడువు."

రోడ్డు మీద ఒక సిమెంటు లారీ పోయింది. గుడ్డ రుద్దుతున్న చప్పుడు. వేలంత మందం కట్టిన నల్లటి మడ్డి పెచ్చులుగా రాలుతోంది.

"కాకా," అన్నాడు అన్వేష్ బండి కింద నుంచి. "గిదేంది? నట్టు మీద నీలం గీత ఉన్నది."

"ఎట్లున్నది?"

"ఎట్ల అంటె? గీత లెక్కనే ఉన్నది."

"విరిగిందా, తిన్నగున్నదా? నట్టు మీదికెల్లి కిందికి తిన్నగ పోయిందా? సక్కగ చూసి చెప్పు బిడ్డా."

ఆ 'బిడ్డా' అన్న మాటకు అన్వేష్ బండి కింద నుంచి తల బయటపెట్టి ముసలాయన ముఖం చూశాడు. మళ్ళీ లోపలికి పోయాడు. ఫోను లైటు వేశాడు. "తిన్నగనే ఉన్నది. జర గూడ పక్కకు పోలే. నిన్న గీసినట్టున్నది."

ఎలీషా అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి, తానే బండి కిందికి దూరి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, ముట్టకుండా చూశాడు. గీత ఉంది. చర్చి గేటు రంగు. చివర కుంచె ఎత్తేటప్పుడు తనది కొద్దిగా కుడికి తోక తిరుగుతుంది. అది కూడా ఉంది.

బయటకు వచ్చి, చేతులు కడుక్కుని, ఆ రోజు అన్వేష్‌కు మొత్తం చెప్పాడు. చర్చి గేటు, నలభై మంది, మాట. వింటూ వింటూ అన్వేష్ చెయ్యి గడ్డం కింది మచ్చ మీదికి పోయింది.

"మా ఇంట్ల ఎన్నడు గీ ముచ్చట రాలే కాకా. మోరి గోడకు గుద్దిందనే తెలుసు. మరి నట్టు బాగనే ఉంటె బ్రేకు ఎందుకు పోయింది?"

"గదే తెల్వాలె. లోపల విప్పి చూడాలె. నేను విప్పొద్దు."

"ఎవ్వరు చూడొచ్చిన్రు? విప్పు కాకా."

"మీ నాయిన మాట దీస్కున్నడు. ఆయననే వాపస్ ఇయ్యాలె."

జనార్ధన్ పటేలు వచ్చేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. అప్పటికి ముందు భాగం పని అయిపోయింది. రాడ్లు వాటి వాటి పక్కన కూర్చున్నాయి. బండి రెండు పక్కలా సమంగా నిలబడింది. పటేలుకు అరవై దాటాయి, మోకాళ్ళు పోయాయి. కొడుకు కారులోంచి దిగి, షెడ్డులోకి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు.

"ఏం ఎలీష, మంచిగున్నవా? ఏందో మాట వాపస్ కావాలంటున్నవట. ఏం మాట?"

ఎలీషా గుర్తు చేశాడు. పటేలు కనుబొమ్మలు ముడిచి ఆలోచించాడు. తరువాత పెద్దగా నవ్వాడు.

"ఓర్నీ! గదా! కోపంల ఏమో అన్నట్టున్న. దాన్ని ఇంక పట్టుకోని కూసున్నవా నువ్వు? గంత మంది మెకానిక్కులున్నరు, నువ్వు జేస్తున్నవా లేదా అని నేనేమన్న కావలి ఉంటినా?"

ఇరవై రెండేళ్ళు పటేలు ఆ మాటను తన దగ్గర దాచుకున్నాడనుకున్నాడు ఎలీషా, ఇష్టమైన కోపంలాగా, అప్పుడప్పుడు తీసి చూసుకుంటూ. అది ఆ సాయంత్రానికే రోడ్డు మీద పారేసిన వస్తువని ఇప్పుడు తెలిసింది. తాను మోసినంత కాలం అవతల మోయించేవాడే లేడు. తిట్టినా బాగుండేది.

"వాపస్ ఇయ్యి పటేలా," అన్నాడు చివరకు.

"ఇచ్చిన, ఇచ్చిన. జేస్కో పో."

ఎలీషా కారు డ్రైవరు పక్క తలుపు తెరిచాడు. కాళ్ళ కింది మ్యాటు ఎత్తాడు. అక్కడ నేలలో చిన్న రేకు మూత. దాని కింద బ్రేకు నూనె పోసే మాస్టర్ సిలిండరు. పానా పెట్టాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని తిప్పాడు. మూత వచ్చింది. అడుగున మిగిలిన నల్లటి నూనెను సిరంజితో లాగి, సద్ది తెచ్చిన కృపమ్మను రెండు చాయ్ గ్లాసుల్లో నీళ్ళు అడిగాడు.

మొదటి గ్లాసులో కొత్త బ్రేకు నూనె నాలుగు చుక్కలు వేసి చెంచాతో తిప్పాడు. అది నీళ్ళలో కలిసిపోయి మాయమయింది. రెండో గ్లాసులో సిరంజి నూనె వేసి తిప్పాడు. ఎంత తిప్పినా అది పైకి వచ్చి, పులుసు మీది నూనెలాగా కళ్ళు కళ్ళుగా తేలింది.

"బ్రేకు నూనె నీళ్ళల్ల కలుస్తది," అన్నాడు ఎలీషా. "గిది కలుస్తలేదు. గిది బ్రేకు నూనె గాదు."

తరువాత ఎడమ చక్రం దగ్గర సిలిండరు విప్పి, లోపలి రబ్బరు కప్పు తీసి పటేలు అరచేతిలో పెట్టాడు. పక్కన కొత్తది పెట్టాడు. పాతది రాత్రంతా నానిన శనగగింజలా ఉబ్బి, మెత్తగా, ఒక పక్క చిట్లి ఉంది. "వేరే నూనె తాకితె గీ రబ్బరు ఇట్ల ఉబ్బుతది. మొదాలు బ్రేకు పట్టి ఇడువదు. చక్రాలు కాలుతయ్. ఎన్కసిరి చిట్లి, నూనె ఎల్లిపోయి, పెడలు నేల మీదికి పోతది."

పటేలు ఆ రబ్బరును వేళ్ళతో నొక్కి చూశాడు. రెండో గ్లాసు తీసుకుని వాసన చూశాడు. పొలం మనిషి. ఆ వాసన అతనికి ముప్పై ఏళ్ళుగా తెలుసు.

"గిది ట్రాక్టరు నూనె," అన్నాడు మెల్లగా.

అన్వేష్ ఉబ్బిన రబ్బరును అందుకుని చూశాడు.

"నువ్వే జెప్పినవ్ గదా ఎలీష. నెలకొక్కపారి మూత తీసి చూడు, తగ్గితే పొయ్యుమని. గుద్దుడుకు వారం ముంగట ఒక పెండ్లికి పోతుంటె చూసిన. జర తగ్గింది. షెడ్డుల ట్రాక్టరు డబ్బా ఉండె." అతను గ్లాసు కింద పెట్టాడు. "నూనె నూనెనే గదా అనుకున్న."

"పొయ్యుమని జెప్పిన," అన్నాడు ఎలీషా. "ఏ నూనె పొయ్యాల్నో జెప్పలే. గది నా తప్పే పటేలా."

కృపమ్మ షెడ్డు మూల నుంచి సద్దిగిన్నె చప్పుడు గట్టిగా చేసింది.

పటేలు లేవబోతూ కుర్చీ చెయ్యి పట్టుకుని ఆగాడు. క్షమించమనో ఇంకేదో అనడానికి అతని నోరు తెరుచుకుంది. ఆ మాట జీవితంలో వాడని నోరు, దారి తెలియక మూసుకుంది. "జల్దీ కానియ్యి పని," అని వెళ్ళిపోయాడు.

మరునాటి నుంచి ఎలీషా బ్రేకుల పని చేశాడు. ఆ నూనె తాకిన ప్రతి రబ్బరునూ తీసి పారేశాడు. ఇనుప పైపులన్నీ కొత్తవి వంచాడు. డ్రమ్ములు లేతు మీద నునుపు చేయించాడు. బ్రేకు షూలకు కొత్త లైనర్లు రివిట్లు కొట్టి బిగించాడు. చివరగా పైపుల్లోని గాలి తీసేటప్పుడు అన్వేష్ లోపల పెడలు మీద, అతను చక్రం కింద.

"తొక్కు. పట్టు. ఇడువు. తొక్కు. పట్టు... పట్టుమన్న గదరా, ఎవలు ఇడువుమన్నరు?"

"కాలు గుంజుతాంది కాకా!"

"నాకు ఇరవై రెండేండ్లు గుంజింది. తొక్కు."

బుడగలు ఆగి నూనె సన్నని దారంలా వచ్చేదాకా తొక్కించాడు. ప్రతి నట్టు మీద గీత గీశాడు. చర్చిలో ఇప్పుడు నీలం రంగు లేదు కాబట్టి చిన్న డబ్బా కృపమ్మ అంగట్లో కొని తెచ్చింది. మ్యాటు కింది రేకు మూత మీద మాత్రం గీత కాకుండా పెద్ద అక్షరాలతో రాశాడు: బ్రేకు ఆయిలే పోయాలి.

బండిని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అన్వేష్ ఒక పళ్ళబుట్ట, కొత్త పంచె చాపు తెచ్చాడు. నాయిన పంపాడన్నాడు.

"వాపస్ తీస్కపో," అన్నాడు ఎలీషా. కోపంగా కాదు. పళ్ళు పక్కింటివాళ్ళవి అన్నట్టు. "షెడ్డుల మాట వాపస్ ఇచ్చిండు, పని జేసిన. గా నిందను షెడ్డుల ఎయ్యలే గదా మీ నాయిన. ఏడ ఏసిండో గాడ్నే తియ్యాలె. చెప్పు."

మొదటి ఆదివారం పటేలు చర్చి దగ్గరికి రాలేదు. అది ఎవరైనా ఊహించేదే. రెండో ఆదివారం శామీర్‌పేటలో కార్ల ప్రదర్శన. అంబాసిడర్ ఫొటోలు మేడ్చల్‌లో అందరి ఫోన్లలోకి వచ్చాయి. వాటిలో అన్వేష్ ఉన్నాడు, అతని స్నేహితులు ఉన్నారు. బండి కింద పడుకున్నవాడు ఏ ఫొటోలోనూ లేడు. కృపమ్మ ఆ ఫోనును బోర్లించి పెట్టింది.

మూడో ఆదివారం, ప్రార్థన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటుండగా, స్టీలు గేటు ముందు తెల్లటి అంబాసిడర్ వచ్చి మెత్తగా ఆగింది. నడుపుతున్నది జనార్ధన్ పటేలు. పక్కన అన్వేష్. పటేలు దిగి, బండిని ఆనుకుని నిలబడ్డాడు. జనాన్ని చూసి కొంచెం తడబడ్డాడు. ఆనాటి నలభై మందిలో ఇప్పుడు అక్కడ ఉన్నది ఆరుగురో ఏడుగురో. కొందరు పోయారు, కొందరు పట్నం పోయారు. మిగతా అంతా విల్లాల్లో పనికి వచ్చిన కొత్త ముఖాలు. వాళ్ళకు పటేలు ఎవరో కూడా తెలియదు.

"గప్పుడు, మోరికాడ బండి గుద్దినప్పుడు," అని మొదలుపెట్టాడు అతను, గేటుతో మాట్లాడుతున్నట్టు, "ఎలీషను గీడ నిలవెట్టి ఒక మాటన్న. గది తప్పు. బ్రేకు ఖరాబ్ జేసింది నేను."

వెనుక వరసలో ఎనభై ఏళ్ళ సుక్కమ్మ ఉంది. ఆనాడు పిల్లను ఎత్తుకుని ముఖం తిప్పుకున్న మనిషి. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏందట? ఏం జెప్తున్నడు? ఇనవడ్తలేదు, జర గట్టిగ జెప్పుమను."

ఎవరో కిసుక్కున నవ్వారు. పటేలు మెడ ఎర్రబడింది. బండెక్కి వెళ్ళిపోతాడేమో అనిపించింది. అన్వేష్ తండ్రి వంక చూశాడే గానీ, ఆయన బదులు తాను నోరు విప్పలేదు.

"బ్రేకు ఖరాబ్ జేసింది నేను!" అన్నాడు పటేలు, రోడ్డు మీద ఆటోవాడు తిరిగి చూసేంత గట్టిగా. "ట్రాక్టరు నూనె పోసిన! ఎలీష నట్టు మంచిగనే బిగించిండు! ఇనవడ్డదా అవ్వా?"

"ఇనవడ్డది," అంది సుక్కమ్మ. "మాకు ఎరుకనే." ఎరుకైతే ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని ఆమెను ఎవరూ అడగలేదు.

ఎలీషా మెట్ల దగ్గర నుంచి అంతా విన్నాడు. చప్పట్లు ఏవీ లేవు. జనం మామూలుగా చెల్లాచెదరయ్యారు, ఎవరి అన్నానికి వాళ్ళు. అతను నడిచి బండి దగ్గరికి వచ్చాడు. పటేలు అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని, ఎటు చూడాలో తెలియక అద్దం సర్దుకుంటున్నాడు. ఎలీషా వంగి ఎడమ చక్రం వైపు ఒకసారి చూశాడు. లేచి, కిటికీ మీద చెయ్యి పెట్టాడు.

"శామీర్‌పేట తొవ్వ మీదికెల్లే పోతున్నవా పటేలా?" అని అడిగాడు.

"ఆఁ, గట్లనే పోవాలె."

"మోరికాడ జర బ్రేకు తొక్కి చూడు," అన్నాడు ఎలీషా. "గట్టిగనే తొక్కు. ఏం గాదు."